బైపాస్ గురించి వాట్సాప్‌లో వచ్చిన స్టడీని ఎలా చదవాలి, సర్జన్ దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి

యాంజియో అయిన సాయంత్రమే ఇంట్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. "మూడు బ్లాకులట, బైపాస్ అంటున్నారు" అని ఎవరికి చెప్పినా అరగంటలో ఒక లింకు పంపిస్తారు. ఒకాయన పంపినదాంట్లో బైపాస్ చేయించుకుంటే పక్షవాతం ముప్పు రెట్టింపు అని ఉంటుంది. పిన్ని పంపినదాంట్లో స్టెంట్లు వేయించుకున్నవాళ్ళే ఎక్కువమంది చనిపోయారని ఉంటుంది. రెండింటి కిందా "తాజా పరిశోధనలో తేలింది" అన్న మాట మాత్రం ఒకటే. తమాషా ఏంటంటే, ఆ రెండు ముక్కలూ ఒకే పరిశోధన నుంచి తీసినవి కావచ్చు. అలాంటిది నిజంగానే ఒకటుంది. దాని లెక్క కిందికి వెళ్ళాక చూద్దాం.

నేను డాక్టర్ని కాదు. కొన్నేళ్ళు క్లినికల్ ట్రయల్స్‌లో, అంటే వైద్యాన్ని మనుషుల మీద పరీక్షించి చూసే పరిశోధనల్లో, రోగుల ఫారాలు నింపే పని చేశాను, అంతే. బైపాస్ మంచిదా, స్టెంటా అన్న తీర్పు నా దగ్గర దొరకదు. చేతికొచ్చిన స్టడీని ఎలా విప్పి చూడాలో, చూశాక సర్జన్ని ఏం అడగాలో మాత్రం వరసగా చెబుతాను.

ఒక్క మాట ముందే. ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఇప్పుడే ఉంటే ఇది మూసేసి 108కి ఫోన్ చేయండి. డాక్టరు "ఈ రాత్రికే చేసేయాలి" అన్నా అంతే, చదువు తర్వాత. ఓ నాలుగు రోజులో, రెండు వారాలో టైమ్ ఇచ్చినవాళ్ళ కోసం రాస్తున్నది ఇది.

1. ముందు మీ మనిషి గురించి ఒక కాగితం రాయండి

స్టడీ తెరవకముందే ఈ పని అవ్వాలి. ఒక తెల్ల కాగితం తీసుకుని వయసు, బరువు, షుగర్ ఎన్నేళ్ళుగా ఉంది, ఇన్సులిన్ మీద ఉన్నారా మాత్రల మీదా, చివరిసారి చేయించిన హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) ఎంత, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, ఎకో రిపోర్టులో ఈఎఫ్ (గుండె పంపింగ్) ఎంత శాతం, ఇవన్నీ రాయండి. యాంజియో రిపోర్టులో ఏ రక్తనాళంలో ఎంత శాతం బ్లాకు ఉందో, "లెఫ్ట్ మెయిన్" (గుండె ఎడమవైపుకి రక్తం తెచ్చే ప్రధాన నాళం) అన్న మాట ఉందో లేదో చూసి అదీ రాయండి. ఇదివరకు హార్ట్ అటాక్ వచ్చిందా, వస్తే ఎన్ని రోజులైంది, పక్షవాతం వచ్చిందా, ఆస్తమా లాంటి ఊపిరితిత్తుల జబ్బు ఉందా, సిగరెట్టు, బీడీ, చుట్ట, ఏది ఎన్నాళ్ళు కాల్చారు. చివర్లో వాడుతున్న మాత్రలన్నీ, డోసుతో సహా. పేర్లు నోటికి రాకపోతే స్ట్రిప్పులు ఫోటో తీయండి.

ఎందుకింత శ్రద్ధగా అంటే, "రిస్క్ ఫ్యాక్టర్" అన్న ఒకే మాటని రెండు వేరే అర్థాల్లో వాడతారు. అవి కలిసిపోతే స్టడీ చదివి ప్రయోజనం లేదు.

మొదటి అర్థం: గుండె జబ్బు రావడానికి కారణాలు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్ళో 1948లో 5,209 మందిని ఎంచుకుని ఏళ్ళ తరబడి గమనించారు. బీపీ, కొలెస్ట్రాల్, పొగ లాంటివి గుండెకి ముప్పు అన్న సంగతి ఎక్కువగా అక్కడి నుంచే మనకి తెలిసింది. తర్వాత 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ స్టడీ 52 దేశాల్లో చూసి, తొలి హార్ట్ అటాక్ ముప్పులో దాదాపు 90 శాతాన్ని తొమ్మిది కారణాలతోనే వివరించొచ్చని చెప్పింది. పొగ, రక్తంలో కొవ్వులు, బీపీ, షుగర్, పొట్ట, మానసిక ఒత్తిడి వాటిలో ఉన్నాయి. అదే స్టడీలో మనవైపు, అంటే దక్షిణాసియా వాళ్ళకి మొదటి అటాక్ వచ్చిన వయసు సగటున 53. మిగతా దేశాల్లో 59కి దగ్గర. మన ఊళ్ళ సంగతి కూడా ఇలాగే ఉంది. ఉభయ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003-04లో చనిపోయిన 1,354 మంది గురించి ఇంటింటికీ వెళ్ళి విచారిస్తే, మూడో వంతుకి కాస్త తక్కువ మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. "పల్లెటూరి మనిషికి గుండె జబ్బేంటండీ" అనేవాళ్ళు ఆ లెక్క ఒకసారి చూడాలి.

రెండో అర్థం: ఆపరేషన్‌లో ఇబ్బంది రావడానికి కారణాలు. ఇది పూర్తిగా వేరే జాబితా. సర్జన్లు వాడే యూరోస్కోర్ 2 అనే లెక్క ఉంది. 2010లో 43 దేశాల్లో గుండె ఆపరేషన్లు చేయించుకున్న 22,381 మంది వివరాల నుంచి తయారైంది. అది ఏమేం అడుగుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. కొలెస్ట్రాల్ అడగదు. బీపీ అడగదు. సిగరెట్టు కూడా అడగదు. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయి, షుగర్‌కి ఇన్సులిన్ వాడుతున్నారా, ఊపిరితిత్తుల జబ్బు ఉందా, తనంతట తాను నడవగలరా, ఈమధ్యే అటాక్ వచ్చిందా, గుండె పంపింగ్ ఎంత, ఎమర్జెన్సీగా చేస్తున్నారా, ఇదివరకు గుండె ఆపరేషన్ అయిందా, ఇలాంటివి అడుగుతుంది. "నాన్నకి కొలెస్ట్రాల్ నార్మలే, ఆపరేషన్ తేలిగ్గా అయిపోతుంది" అని ధైర్యం చెప్పుకునేవాళ్ళని చాలామందిని చూశాను. ఆ ధైర్యానికి ఆధారం కొలెస్ట్రాల్ రిపోర్టులో దొరకదు, క్రియాటినిన్ రిపోర్టులో వెతకాలి.

యూరోస్కోర్ ఇంటర్నెట్లో ఎవరైనా వేసి చూసుకోవచ్చు. నా సలహా, మీరు వేయకండి, సర్జన్ని వేసి చెప్పమనండి. అందులో వచ్చే శాతం ఆపరేషన్ తర్వాత ఆస్పత్రిలో ప్రాణం పోయే అవకాశం మాత్రమే. పక్షవాతం, ఇన్‌ఫెక్షన్, కిడ్నీ సంగతి అందులో లేదు. రాత్రి పదకొండింటికి ఒంటరిగా ఆ అంకె చూస్తూ కూర్చుంటే నిద్ర పాడవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

2. వార్తను వదిలి అసలు పేపరు పట్టుకోండి

ఫార్వర్డ్‌లో స్టడీ పేరో, పత్రిక పేరో, దేశం పేరో ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని పబ్‌మెడ్‌లో, అంటే వైద్య పరిశోధన పేపర్లు వెతికే వెబ్‌సైట్లో, ఇంగ్లీషులో టైప్ చేయండి. డబ్బు కట్టక్కర్లేదు. పేపరు మొత్తం దొరక్కపోయినా అబ్‌స్ట్రాక్ట్ అనే సారాంశం దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది, అది ఒక్క పేరానే. ఏ ఆధారమూ లేకుండా "విదేశీ శాస్త్రవేత్తలు తేల్చారు" అని మాత్రమే ఉంటే ఆ ఫార్వర్డ్ మీద ఇంకో నిమిషం పెట్టకండి.

ఇంగ్లీషు ఇబ్బందైతే కాలేజీలో చదువుతున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి. సైన్సు చదివినవాళ్ళే అక్కర్లేదు. మనకి కావాల్సింది నాలుగైదు అంకెలు.

3. ఎవరి మీద చేశారో చూడండి

ఇక్కడే సగం ఫార్వర్డ్‌లు రాలిపోతాయి. "స్టెంట్, బైపాస్ అక్కర్లేదు, మందులు చాలు" అంటూ తిరిగే వార్తల్లో ఎక్కువభాగం 2019లో ఫలితాలు ప్రకటించిన ఇస్కీమియా అనే ట్రయల్ నుంచి వచ్చినవే. చాలా మంచి ట్రయల్, 5,179 మంది, మన దేశం నుంచి కూడా రోగులు చేరారు. మొదటే యాంజియో చేసి స్టెంటో బైపాసో చేసినవాళ్ళకీ, ముందు మందులతో మొదలుపెట్టినవాళ్ళకీ మరణాల్లో తేడా రాలేదు. అయితే లెఫ్ట్ మెయిన్‌లో పెద్ద బ్లాకు ఉన్నవాళ్ళని అందులో చేర్చుకోలేదు. గుండె పంపింగ్ 35 శాతం కంటే తక్కువ ఉన్నవాళ్ళనీ చేర్చుకోలేదు. ఈమధ్యే అటాక్ వచ్చినవాళ్ళనీ తీసుకోలేదు. మీ కాగితం మీద ఈ మూడింటిలో ఏదైనా ఉంటే ఆ ట్రయల్ మీ మనిషి గురించి ఏమీ చెప్పలేదనే అర్థం. పక్కింటాయన నిలకడగా ఉన్న నొప్పితో మందుల మీదే పదేళ్ళు బతికాడంటే సంతోషం, ఆయన యాంజియో రిపోర్టు వేరు.

సారాంశంలో ఇవన్నీ రాయరు. పేపరు లోపల "ఎవరిని చేర్చుకోలేదు" అన్న చోట ఉంటాయి. ట్రయల్స్‌లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నా, నేను ఏ పేపరు తీసినా మొదట చదివేది ఆ నాలుగు లైన్లే. బాగా పెద్దవాళ్ళు, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళు చాలా ట్రయల్స్‌లో ఉండరు, మన ఇళ్ళల్లో ఆపరేషన్‌కి వెళ్ళేది వాళ్ళే.

4. లాటరీ వేశారా, ఊరికే గమనించారా

కంప్యూటర్ లాటరీ వేసి సగం మందికి ఒక పద్ధతి, సగం మందికి ఇంకో పద్ధతి చేస్తే దాన్ని రాండమైజ్డ్ ట్రయల్ అంటారు. పాత కేసు షీట్లు తిరగేసి ఎవరెలా ఉన్నారో లెక్కేస్తే అది పరిశీలన మాత్రమే. రెండోది పనికిరాదని కాదు, అది మనల్ని తప్పుదారి పట్టించడం తేలిక.

ఒక ఉదాహరణ చెబుతాను. బైపాస్‌కి, అంటే బ్లాకుని దాటి రక్తం వెళ్ళే కొత్త దారికి, ఛాతీ లోపలి గోడ మీద ఉండే మామ్మరీ ధమనిని వాడతారు. ఎడమవైపుది ఒకటి వాడటం మామూలు. కుడివైపుది కూడా కలిపి రెండూ వాడితే రోగులు ఎక్కువకాలం బతుకుతారని పాత రికార్డుల స్టడీలు చాలా చెప్పాయి. నమ్మేలాగే ఉంది. కానీ రెండు ధమనులు పెట్టడానికి సర్జన్ ఎవరిని ఎంచుకుంటాడు? వయసు తక్కువ, షుగర్ లేనివాడు, గట్టిగా ఉన్నవాడు. వాళ్ళు ఎలాగూ ఎక్కువకాలమే బతుకుతారు కదా. అందుకని ఆర్ట్ అనే ట్రయల్‌లో 3,102 మందికి లాటరీ వేసి పదేళ్ళు చూశారు. పదేళ్ళకి రెండు ధమనుల వాళ్ళలో 20.3 శాతం, ఒక ధమని వాళ్ళలో 21.2 శాతం చనిపోయారు. తేడా లేనట్టే. ఛాతీ ఎముక దగ్గర గాయం ఇబ్బందులు మాత్రం రెండు ధమనుల వైపే ఎక్కువ, 3.5 శాతానికి 1.9 శాతం. లాటరీలో రెండు వచ్చిన కొందరికి చివరికి ఒకటే వేశారు కాబట్టి దీని మీద సర్జన్లు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉంటారు. వాదించుకోనివ్వండి. షుగర్, భారీకాయం రెండూ ఉన్న మనిషైతే "గాయం మానడం సంగతేంటి సార్" అని అడగడానికి మనకి ఒక ఆధారం దొరికింది.

గుండెని ఆపకుండా చేసే ఆపరేషన్ సంగతీ ఇలాంటిదే. "బీటింగ్ హార్ట్" అని బోర్డుల మీద పెద్దక్షరాలతో కనిపిస్తుంది. కరోనరీ అనే ట్రయల్‌లో 4,752 మందికి లాటరీ వేస్తే, 30 రోజులకి మరణం, పక్షవాతం, అటాక్, డయాలసిస్ అవసరమయ్యే కిడ్నీ దెబ్బ, వీటన్నిటినీ కలిపి చూస్తే పంప్ మీద (గుండెని ఆపి, దాని పని మెషీన్‌కి అప్పగించి) చేసినా పంప్ లేకుండా చేసినా తేడా తేలలేదు. మీ సర్జన్ చెయ్యి ఏ పద్ధతిలో తిరిగిందో అది చేయించుకోండి, బోర్డు చూసి ఆస్పత్రి మార్చకండి.

5. ఏం లెక్కపెట్టారో చూడండి

నాకు బాగా ఇష్టమైన అడుగు ఇది, ఎందుకంటే పెద్దపెద్ద వాళ్ళు కూడా ఇక్కడే తప్పులో కాలేశారు.

ఏప్రోటినిన్ అనే మందు ఉండేది. గుండె ఆపరేషన్‌లో రక్తం పోవడాన్ని తగ్గిస్తుంది. తగ్గిస్తుందని స్టడీల మీద స్టడీలు వచ్చాయి, డాక్టర్లు ఏళ్ళ తరబడి వాడారు. కెనడాలో బార్ట్ అనే ట్రయల్ పెట్టి, ముప్పు ఎక్కువున్న 2,331 మందిలో దాన్ని వేరే రెండు మందులతో పోల్చారు. భారీ రక్తస్రావం నిజంగానే తగ్గింది, 12.1 శాతం నుంచి 9.5కి. కానీ నెల తిరిగేసరికి ఏప్రోటినిన్ ఇచ్చినవాళ్ళలో 6 శాతం చనిపోయారు, మిగతా రెండు మందుల దగ్గర 3.9 శాతం, 4 శాతం. ట్రయల్‌ని మధ్యలోనే ఆపేశారు. 2007 నవంబరులో ఆ మందు అమ్మకాలు ఆపారు. తర్వాత యూరప్‌లో పరిమితంగా మళ్ళీ అనుమతించారు, అది వేరే కథ. రక్తం తక్కువ పోయిందా అని లెక్కపెట్టినంతకాలం అది మంచి మందే. మనిషి ఇంటికొచ్చాడా అని లెక్కపెట్టాకే అసలు సంగతి బయటపడింది.

కాబట్టి పేపర్లో "ప్రైమరీ ఎండ్ పాయింట్" (ట్రయల్ ముఖ్యంగా లెక్కపెట్టిన ఫలితం) అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఆ మాట పక్కన ఉన్నది మనిషికి తగిలేదా, లేక రిపోర్టులో మాత్రమే కనిపించే అంకెనా?

కాంప్లికేషన్ అన్న మాటతో ఇంకో చిక్కుంది. "గుండె ఆపరేషన్ తర్వాత ఇంతమందికి కిడ్నీ దెబ్బ" అని చదవగానే మనకి డయాలసిస్ మెషీన్ కళ్ళముందు మెదులుతుంది. పరిశోధనల్లో వాడే కొలత ప్రకారం క్రియాటినిన్ రెండు రోజుల్లో 0.3 పెరిగితే చాలు, అది కిడ్నీ దెబ్బ కింద లెక్క. 1.0 ఉన్నది 1.3 అయి, వారంలో మళ్ళీ దిగిపోయినవాళ్ళూ ఆ శాతంలోనే ఉంటారు. ఇది చిన్న విషయమని అనను, డాక్టర్లు దాన్ని గమనిస్తారు. కానీ డయాలసిస్ దాకా వెళ్ళినవాళ్ళు వేరే వరసలో, చాలా తక్కువ అంకెతో ఉంటారు. ఆ వరస చూడండి.

గుండె లయ తప్పడం కూడా అంతే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె ఆపరేషన్ తర్వాత నూటికి 20 నుంచి 40 మందిలో వస్తుందని స్టడీలు చెబుతాయి, ఎక్కువగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య. మానిటర్ గంట కొడుతుంది, నర్సులు పరిగెడతారు, బయట కూర్చున్నవాళ్ళకి ప్రాణాలు పోతాయి. చాలామందిలో మందులతో సర్దుకుంటుంది. ఇది వస్తుందని ముందే తెలిసుంటే ఆ మూడో రోజు టెన్షన్ సగం తగ్గుతుంది. ఈ పేరా మాత్రం ఆస్పత్రిలో కాపలా ఉండే మనిషికి చదివి వినిపించండి.

6. శాతాన్ని వందమంది మనుషులుగా మార్చండి

మొదట్లో చెప్పిన స్టడీకి వద్దాం. పేరు ఫ్రీడమ్, 2012లో వచ్చింది. షుగర్ ఉండి, ఒకటి కంటే ఎక్కువ రక్తనాళాల్లో బ్లాకులున్న 1,900 మందికి లాటరీ వేసి, సగం మందికి మందు పూసిన స్టెంట్లు, సగం మందికి బైపాస్ చేశారు. లెఫ్ట్ మెయిన్ బ్లాకు ఉన్నవాళ్ళు ఇందులోనూ లేరు. అయిదేళ్ళకి వచ్చిన లెక్కలివి.

పక్షవాతం: స్టెంట్ వైపు 2.4 శాతం, బైపాస్ వైపు 5.2 శాతం.
మరణం: స్టెంట్ వైపు 16.3, బైపాస్ వైపు 10.9.
హార్ట్ అటాక్: స్టెంట్ వైపు 13.9, బైపాస్ వైపు 6.0.

ఇప్పుడు చూడండి. మొదటి వరస ఒక్కటే తీస్తే "బైపాస్‌తో పక్షవాతం రెట్టింపు". అబద్ధం కాదు. రెండో వరస ఒక్కటే తీస్తే "స్టెంట్ వేయించుకున్నవాళ్ళలో ఎక్కువ చావులు". అదీ అబద్ధం కాదు. ఇద్దరు బంధువులూ నిజమే పంపారు, చెరో ముక్క పంపారు.

రెట్టింపు, సగం, మూడో వంతు లాంటి మాటలు కనిపించగానే వాటిని కొట్టేసి వందమందిని ఊహించుకోండి. మీ వీధిలో షుగర్, బ్లాకులు రెండూ ఉన్న వందమంది స్టెంట్లు వేయించుకున్నారు, పక్క వీధిలో అలాంటి వందమంది బైపాస్ చేయించుకున్నారు. అయిదేళ్ళ తర్వాత చూస్తే బైపాస్ వీధిలో పక్షవాతం వచ్చినవాళ్ళు ముగ్గురు ఎక్కువ. అదే వీధిలో చనిపోయినవాళ్ళు అయిదుగురు తక్కువ, అటాక్ వచ్చినవాళ్ళు ఎనిమిది మంది తక్కువ. రెండు వీధుల్లోనూ ఎక్కువమంది ఏమీ కాకుండా తిరుగుతున్నారు, ఆ మాట ఏ ఫార్వర్డ్‌లోనూ ఉండదు.

ఇక ఇదివరకే ఒకసారి పక్షవాతం వచ్చిన మనిషికి ఆ "ముగ్గురు" అన్న మాట ఎంత బరువో, అలాంటిదేమీ లేని 58 ఏళ్ళ మనిషికి అంత బరువు కాకపోవచ్చు. ఈ తూకం పేపరు వేయలేదు. మీ కాగితం పక్కన పెట్టుకుని సర్జనూ, కార్డియాలజిస్టూ, మీరూ కలిసి వేయాలి. షుగర్ లేని మనిషైతే ఈ మొత్తం లెక్క మీకు వర్తించదు, మూడో అడుగు గుర్తుందిగా.

ఎన్నాళ్ళ లెక్క అన్నది కూడా రాసుకోండి. నెల రోజుల లెక్కలో బైపాస్ సాధారణంగా కాస్త చెడ్డగా కనిపిస్తుంది, ఎందుకంటే కోతా, ఐసీయూ అన్నీ ఆ నెలలోనే. దాని లాభం ఏళ్ళ మీద తెలుస్తుంది.

7. ఇంకో స్టడీ ఏమందో వెతకండి

ఐసీయూలో షుగర్ ఎంత ఉండాలన్న దాని మీద జరిగింది వింటే, ఒక్క స్టడీని పట్టుకుని ఎందుకు ఊగకూడదో అర్థమవుతుంది. 2001లో బెల్జియంలోని లూవెన్‌లో ఒక ఆస్పత్రి ఐసీయూలో 1,548 మంది మీద ట్రయల్ చేశారు. వాళ్ళలో సగానికి పైగా గుండె ఆపరేషన్ అయినవాళ్ళే. ఇన్సులిన్‌తో షుగర్‌ని 80 నుంచి 110 మధ్య గట్టిగా పట్టి ఉంచితే ఐసీయూ మరణాలు 8 శాతం నుంచి 4.6కి దిగాయి. ప్రపంచమంతా అదే పద్ధతి పట్టుకుంది. 2009లో నైస్ షుగర్ అనే ట్రయల్, ఎన్నో ఆస్పత్రుల్లో, 6,104 మంది మీద. ఈసారి షుగర్‌ని గట్టిగా పట్టి ఉంచిన వైపే ఎక్కువమంది చనిపోయారు, 27.5 శాతం. 180కి మించకుండా చూసుకున్న వైపు 24.9. షుగర్ మరీ పడిపోవడం కూడా గట్టి పట్టు వైపే చాలా ఎక్కువ.

ఆపరేషన్ మర్నాడు ఐసీయూ మానిటర్ దగ్గర షుగర్ 160 అని కనిపిస్తే "ఇంట్లో 120 ఉండేది, ఇక్కడ పట్టించుకోవడం లేదు" అని నర్సు మీద కేకలేసేవాళ్ళున్నారు. ఆ అంకె వెనక ఈ కథ ఉంది.

వెనక్కి తీసుకున్న పేపర్లు కూడా ఉంటాయి. జర్మనీలో యోకిమ్ బోల్ట్ అనే మత్తు డాక్టరు గుండె ఆపరేషన్లలో ఎక్కించే ద్రవాల మీద లెక్కలేనన్ని పేపర్లు రాశాడు. 2010లో అనుమానాలు బయటపడ్డాక పత్రికలు ఆయన పేపర్లు వందకు పైగా వెనక్కి తీసుకున్నాయి. పబ్‌మెడ్‌లో అలాంటి పేపరు మీద "రిట్రాక్టెడ్" అని స్పష్టంగా ముద్ర ఉంటుంది. ఫార్వర్డ్‌లో ఆ ముద్ర కనిపించదు. అందుకే రెండో అడుగు.

8. మిమ్మల్నే ట్రయల్‌లో చేరమంటే

పెద్ద ఆస్పత్రుల్లో ఇది జరుగుతుంది. భయపడక్కర్లేదు, వెంటనే సంతకమూ పెట్టక్కర్లేదు. ట్రయల్ నంబరు అడిగి సీటీఆర్ఐ వెబ్‌సైట్లో చూడండి. 2007లో మొదలైన మన దేశపు ట్రయల్స్ రిజిస్టర్ అది, 2009 నుంచి మందుల ట్రయల్స్ అందులో నమోదు కావడం తప్పనిసరి. సమాచార పత్రం తెలుగులో అడగండి, ఇంటికి తీసుకెళ్ళి చదవండి. ట్రయల్‌లో రోగుల హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు అందులో ఉండాలి. మధ్యలో మానేసే హక్కు మీకుంటుంది, మానేసినా మామూలు వైద్యం ఆగకూడదు. నేను ఆ పని చేసినన్నాళ్ళూ ఎక్కువ ప్రశ్నలు అడిగిన కుటుంబాలే ట్రయల్ చివరిదాకా నిలబడ్డాయి.

9. చదివింది చేతల్లోకి తెచ్చేటప్పుడు

మా మేనమామకి బైపాస్ తేదీ ఇచ్చాక జరిగిందిది. "రక్తం పలచబరిచే మాత్రలు వాడితే ఆపరేషన్‌లో రక్తస్రావం" అని ఎక్కడో చదివి, ఎవరికీ చెప్పకుండా పది రోజుల ముందే రెండు మాత్రలూ ఆపేశాడు. నాలుగో రోజు రాత్రి నొప్పితో ఎమర్జెన్సీలో చేరాడు. చదివింది తప్పేమీ కాదు. క్లోపిడోగ్రెల్ లాంటిది సాధారణంగా అయిదు రోజుల ముందు ఆపిస్తారు, ఆస్పిరిన్‌ని చాలామందికి కొనసాగిస్తారు. ఏది, ఎప్పుడు అన్నది మనిషిని బట్టి సర్జన్ చెప్పాలి. మామయ్య స్టడీని నేరుగా మాత్రల డబ్బా మీద ప్రయోగించాడు.

దీనికి ఎదురు సంగతి ఒకటుంది, ఆపాల్సింది ఎవరూ గమనించక కొనసాగడం. షుగర్‌కి ఇచ్చే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రల్ని ఆపరేషన్‌కి కనీసం మూడు రోజుల ముందు ఆపాలని అమెరికా మందుల సంస్థ 2020లో చెప్పింది. ఆపకపోతే షుగర్ పెద్దగా పెరగకుండానే రక్తంలో ఆమ్లం పేరుకునే ప్రమాదం ఉంది. ఇప్పుడు ఇవి గుండెకీ, కిడ్నీకీ కూడా రాస్తున్నారు కాబట్టి చాలామంది వాటిని షుగర్ మాత్రలని చెప్పరు. మొదటి అడుగులో స్ట్రిప్పులు ఫోటో తీయమన్నది ఇందుకే.

ఎవర్నీ అడగకుండా మొదలుపెట్టదగ్గవి ఒకటి రెండున్నాయి. సిగరెట్టు ఇవాళే మానడం మొదటిది. ఊపిరితిత్తులు తేరుకోవడానికి నాలుగు వారాలైనా ఉంటే మంచిది, లేకపోతే ఉన్నన్ని రోజులు. ఊపిరి వ్యాయామం రెండోది, దాన్ని ఫిజియోథెరపిస్టు చేత నేర్పించుకోండి. నెదర్లాండ్స్‌లో 2006లో వచ్చిన ట్రయల్‌లో, ఊపిరితిత్తుల ముప్పు ఎక్కువున్న 279 మందిలో సగం మందికి బైపాస్‌కి కనీసం రెండు వారాల ముందు నుంచి ఊపిరి పీల్చే కండరాలకి వ్యాయామం చేయించారు. వాళ్ళలో 18 శాతం మందికి ఊపిరితిత్తుల ఇబ్బందులు వస్తే, చేయనివాళ్ళలో 35 శాతం మందికి వచ్చాయి. మన దగ్గర ఇచ్చే మూడు బంతుల పరికరం, ఆ ట్రయల్‌లో వాడినది ఒకటి కావు. ఏది వాడాలో, రోజుకి ఎన్నిసార్లో ఫిజియోని అడగండి.

10. సర్జన్ గదిలో

సర్జన్ మీకిచ్చే టైమ్ పది నిమిషాలు ఉండొచ్చు. స్టడీల ప్రింటవుట్ కట్ట బల్ల మీద పెడితే ఆయన ముఖం మారుతుంది, న్యాయమే. మీ కాగితం ఒక్కటే పెట్టండి, కింద ఈ ప్రశ్నలు రాసి:

"సార్, నాన్నగారి కిడ్నీ, షుగర్, పంపింగ్ చూసి, ఇలాంటివాళ్ళు వందమందికి చేస్తే ఎంతమందికి ప్రాణానికి ఇబ్బంది రావచ్చు? పక్షవాతం ఎంతమందికి?"

"మీ యూనిట్‌లో ఏడాదికి ఎన్ని చేస్తారు, ఇలాంటి కేసుల్లో ఫలితాలు ఎలా ఉన్నాయి?"

"స్టెంట్ వేయొచ్చా అని కార్డియాలజిస్టుతో కలిసి చూశారా?"

"నెల రోజులు ఆగితే ఏమైనా మెరుగుపరచొచ్చా, ఆగడం ప్రమాదమా?"

"ఈ మాత్రల్లో ఏది ఏ రోజు ఆపాలి?" దీనికి జవాబు మాత్రం ఆయన చేతే రాయించుకోండి.

రెండో ప్రశ్న అడగడానికి చాలామందికి నోరు రాదు. తప్పేమీ లేదు, గొంతులో అనుమానం లేకుండా అడిగితే సరిపోతుంది. బాగా చేసే సర్జన్‌కి తన అంకెలు నోటికే వచ్చి ఉంటాయి.

జవాబులు చెబుతుంటే ఒకరు వినండి, ఒకరు రాయండి. బయటికొచ్చాక ఆ కాగితాన్ని ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. లింకు పంపిన పిన్నికీ, ఇంకో లింకు పంపిన ఆయనకీ విడివిడిగా ఫోన్ చేసి చెప్పే పని తప్పుతుంది.